24-0-24 వద్దు, 18-0-18 తెచ్చుకోండి

ప్రశ్న: రెండు టీడీఏ7294 ఐసీలతో స్టీరియో యాంప్లిఫయర్ కట్టాను. స్పీకర్లు 4 ఓమ్‌లవి. షాపులో 24-0-24, 3 యాంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చారు. పాట లేనప్పుడు మీటర్‌లో ప్లస్ 38, మైనస్ 38 వోల్టులు చూపిస్తోంది. సౌండు సగానికి పెంచితే పది నిమిషాల్లో హీట్‌సింక్ ముట్టుకోలేనంత కాలి పాట ఆగిపోతోంది. చల్లారాక మళ్లీ వస్తోంది. 5 యాంపియర్లది కొంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, ఇంకా ముదురుతుంది. మీ 3 యాంపియర్లది లోడు పడగానే కాస్త కుంగి ఐసీలను కొంత కాపాడుతోంది. 5 యాంపియర్లది అంతగా కుంగదు. ఇక్కడ ఎక్కువైంది వోల్టేజీ.

ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 24, అంటే మధ్య తీగ నుంచి ఒక్కో పక్క తీగకు వచ్చే ఏసీ వోల్టులు, నిండు లోడు మీద లెక్క. ఖాళీగా ఉన్నప్పుడు 27 దాటి ఇస్తుంది. దాన్ని 1.41తో హెచ్చించి డయోడ్ల వోల్టు తీసేస్తే మీ మీటర్‌లోని 38 వచ్చేస్తుంది. ఈ ఐసీకి తయారీ సంస్థ ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ డేటాషీటు 70 వాట్ల కోసం చూపే సప్లై స్పీకర్‌ని బట్టి మారుతుంది: 8 ఓమ్‌లకు ప్లస్/మైనస్ 35, 6 ఓమ్‌లకు 31, 4 ఓమ్‌లకు 27 మాత్రమే. 38 వోల్టుల దగ్గర 4 ఓమ్‌ల స్పీకర్‌తో ఒక్కో ఐసీలో 73 వాట్ల దాకా వేడి పుట్టొచ్చు. లోడు మీద 33కి దిగినా 55 వాట్లు. ఐసీ ఒంటి వేడి 70 డిగ్రీలున్నప్పుడు అది తట్టుకునేది 50 వాట్లే. లోపల 145 డిగ్రీలు తాకగానే తనంతట తాను మ్యూట్ అయిపోతుంది. మీకు పాట ఆగిపోతున్నది అందుకే. ఐసీ పాడవలేదు, సంతోషించండి.

కొనాల్సింది 18-0-18, 5 యాంపియర్లు, అంటే 180 వీఏ (వోల్టు-యాంపియర్లు). ఇంట్లో వినడానికి 4 యాంపియర్లది చాలు. పెళ్లిపందిట్లో గంటల తరబడి మోగించాలంటే 5 కూడా తక్కువే. 18-0-18తో డీసీ లోడు మీద ప్లస్/మైనస్ 24, ఖాళీగా 28 వోల్టుల దగ్గర తిరుగుతుంది, వేడి దాదాపు సగానికి పడిపోతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లు చేతిలో ఉంటే మాత్రం పాతది ఉంచుకోవచ్చు. అయితే రాత్రిపూట లైను 250 దాకా ఎక్కే ఇంట్లో మీ 38 కాస్తా 41 అవుతుంది. ఐసీ పనిచేసే హద్దు 40.

లేబుల్ మీది యాంపియర్లను ఊరికే నమ్మకండి. 12 వోల్టుల 55 వాట్ల కారు హెడ్‌లైటు బల్బులు రెండు సిరీస్‌లో కలిపి, మధ్య తీగకూ ఒక పక్క తీగకూ మధ్య పెట్టండి. 4 యాంపియర్ల దాకా లాగుతాయి. లైను 230 ఉండగా ఏసీ 17 కన్నా దిగిపోతే అందులో అంత సరుకు లేనట్టే. అల్యూమినియం తీగతో చుట్టినవీ దొరుకుతున్నాయి, రాగి తీగదేనా అని అడిగి తీసుకోండి.

మిగతావి: ఏసీని డీసీగా మార్చే 10 యాంపియర్ల డయోడ్ బ్రిడ్జి, ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్ 50 వోల్టుల కెపాసిటర్, ప్రైమరీలో 1.6 యాంపియర్ల స్లో బ్లో ఫ్యూజు. మధ్య తీగ నేరుగా రెండు కెపాసిటర్లు కలిసేచోటికే రావాలి. స్పీకర్ గ్రౌండు, బోర్డు గ్రౌండు అక్కడి నుంచి విడివిడిగా లాగండి. బాడీకి ఎక్కడో తగిలించి అక్కడి నుంచి తెస్తే స్పీకర్లో గుయ్‌మనే హమ్ వదలదు. ఈ ఐసీ వెనక రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది కాబట్టి హీట్‌సింక్ బాడీని తాకేటట్టుంటే మధ్యలో కరెంటు పారనివ్వని మైకా పలక తప్పనిసరి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కి సిరీస్‌లో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఒక్కసారి మెరిసి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు.

ప్రశ్న: పాత కంప్యూటర్ యూపీఎస్ ట్రాన్స్‌ఫార్మర్ యాంప్లిఫయర్‌కి వాడొచ్చా?

జవాబు: ఒకే 12 వోల్టుల బ్యాటరీ ఉండే యూపీఎస్‌లోది బ్యాటరీ వైపు దాదాపు 7-0-7. డీసీలో 9 వోల్టులు కూడా నిలవవు. పైగా కరెంటు పోయినప్పుడు పది పదిహేను నిమిషాలు నడవడానికి చుట్టినది, గంటల తరబడి పెడితే మాడిన వాసన వస్తుంది. వదిలేయండి.