ఐవీఎఫ్‌లో మిగిలిన పిండాలు మనుషులతో సమానమా?

ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని ప్రయోగశాలలో కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భంలోకి పంపే చికిత్స) తరువాత మిగిలిన పిండాలను పారవేస్తే ప్రాణం తీసినట్లేనా, వాటిని పరిశోధనకో, క్లోనింగ్‌కో (ఒక జీవికి జన్యుపరంగా నకలును తయారుచేయడానికో) ఇవ్వవచ్చా అని మీ దంపతులు అడిగారు. విజయవాడలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో పిండాలను దాచుకున్న తల్లిగా జవాబు రాస్తున్నాను. ఆ దశలో పిండం మనిషి కాదు. అయినా దానిని గోదాములోని సరుకులా చూసే అధికారం ఎవరికీ లేదు.

మాకు పాప పుట్టిన తరువాత కొన్ని పిండాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉండిపోయాయి. ఒక ఏడాది నిల్వ రుసుము కట్టడానికి గుంటూరు నుంచి వెళ్లినప్పుడు, కౌంటరులోని అమ్మాయి ఒక పత్రం మా ముందు పెట్టి, "మేడం, కంటిన్యూనా, డిస్కార్డా, రీసెర్చా, ఏదో ఒకదానికి టిక్ పెట్టి ఇద్దరూ సంతకం చేయండి" అన్నది. పత్రమంతా ఇంగ్లీషులోనే ఉంది. పరిశోధన ఏ సంస్థలో, దేని కోసం అని మా వారు అడిగితే, ఆమె లోపలికి వెళ్లి వచ్చి, ఆ వివరాలు తమకు చెప్పరన్నది. బందరు రోడ్డు మీద పసిపాపల బొమ్మలతో నిలువెత్తు బోర్డులు పెట్టే ఈ కేంద్రాలలో, మిగిలిన పిండాల సంగతి మొదటి రోజునే కూర్చోబెట్టి తెలుగులో చెప్పేవారు ఒక్కరైనా ఉండరు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

సంతకం చేయకుండానే ఇంటికి వచ్చాము. సంగతి విని మా అత్తగారు, "అవీ మన బిడ్డలేగా అమ్మా" అన్నారు. మొదట గర్భంలోకి పంపిన పిండాలు నిలవనప్పుడు మనం బిడ్డ పోయినట్లు ఏడవలేదు కదా అని నేను వాదించాను. "ఏడవలేదని నీకెవరు చెప్పారు?" అన్నారామె. దానికి నా దగ్గర జవాబు లేదు, కానీ ఆ దుఃఖాన్ని చట్టంగా మార్చకూడదనే నేను ఈనాటికీ నమ్ముతున్నాను. 2024లో అమెరికాలోని అలబామా సుప్రీంకోర్టు, బిడ్డ మృతికి పరిహారం కోరే చట్టం విషయంలో శీతలీకరించిన పిండాలు కూడా పిల్లలేనని తీర్పు ఇవ్వగానే, అక్కడి కొన్ని కేంద్రాలు భయపడి ఐవీఎఫ్ చికిత్సనే ఆపివేశాయి. అలాంటి తీర్పు ఇక్కడ వచ్చి ఉంటే మా పాప పుట్టేదే కాదు.

పరిశోధనకు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం పిండాన్ని ప్రయోగశాలలో 14 రోజులకు మించి పెంచకూడదు. సుమారు ఆ సమయానికే శరీర నిర్మాణానికి తొలి గీత ఏర్పడుతుంది. అంతకు ముందు ఒకే పిండం చీలి కవలలు కూడా కావచ్చు. ఒకరో ఇద్దరో ఇంకా తేలని దానిని ఒక వ్యక్తి అని ఎలా అంటాము?

క్లోనింగ్‌తో బిడ్డను పుట్టించడాన్ని మాత్రం నేను ఎన్నటికీ ఒప్పుకోను. 1996లో స్కాట్లాండులో డాలీ అనే క్లోన్ గొర్రె కోసం 277 అండాలతో ప్రయత్నిస్తే బతికి బట్టకట్టిన గొర్రెపిల్ల అదొక్కటే. హర్యానాలోని కర్నాల్‌లో 2009లో గేదెదూడను క్లోన్ చేసినప్పుడు నేనూ సంతోషించాను, కానీ ఆడవారి గర్భాలలో అలాంటి ప్రయత్నాలు చేస్తే, లోపాలతో పుట్టే బిడ్డలకు ఎవరు జవాబు చెబుతారు? క్లోనింగ్‌తో బిడ్డను పుట్టించడాన్ని ఐసీఎంఆర్ నిషేధించింది. అది మార్గదర్శకంగా ఉంటే చాలదు, పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం కావాలి.

2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచనివ్వదు. ఆ తరువాత వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో ఆ చట్టం కింద నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. నమోదైన సంస్థ అన్నప్పుడు దానికి పేరు ఉండి తీరాలి. ఆ పేరు, పరిశోధన ఉద్దేశం కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చేవరకు మీరిద్దరూ సంతకం పెట్టకండి. మేమూ అవి చేతికి వచ్చాకే పరిశోధనకు సమ్మతించాము.