బేరం మాత్రం కోయవద్దు

చిరంజీవి చిన్నారికి, తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ‘కన్యాశుల్కం’ నాటకం ఆడించబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మాటలు నోటికి రావాలి, అందరూ వేళకు రిహార్సలుకు రావాలి. అది నీకు తెలిసిందే. 1909లో గురజాడ పెంచి రాసిన ప్రతి చాలా పెద్దది, కోయక తప్పదు. నా భయమంతా ఆ కత్తెర గురించే.

నీ వయసులో నేనూ కోశాను. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, డబ్బిచ్చి పిల్లను కొనే పిసినారి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురిగా అంటగట్టే చోట, బేరాన్ని రెండు ముక్కల్లో ముగించాను. ఆ పెళ్లికూతురికి పెట్టడానికి రామప్పపంతులు వేశ్య మధురవాణి మెడలోని నగ, ఆమె కంటెను, అరువు తెచ్చిన సంగతినీ ఎత్తేశాను. డబ్బు లెక్కలు ఎవరికి కావాలి, సరసం చాలు అనుకున్నాను. శిష్యుడి చీరకట్టు చూసి జనం నవ్వారు. తరువాత మధురవాణి తన కంటె ఏదని రామప్పపంతులును నిలదీస్తే హాలులో కిమ్మన్నవాడు లేడు. పంతులు గొంతుకు ఏ ఉచ్చు బిగిసిందో చూసేవాళ్లకు తెలిస్తే కదా!

అసలు దెబ్బ ఇంటికి వచ్చాక తగిలింది. నాటకం చూసి వచ్చిన మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని కొంగు ముడి విప్పుతోంది, మళ్లీ కడుతోంది. “ఆ పిల్లకు ఎంత కట్టారో చెప్పనే లేదేమిరా?” అంది. ఆమెకు ఎనిమిదో ఏట పెళ్లి. వాళ్ల నాన్న రూపాయలు లెక్కపెట్టుకోవడం తలుపు చాటు నుంచి చూసిందట. నేను తల ఎత్తలేకపోయాను.

మొదటి ముద్రణ పీఠిక చదివావా? చదివి ఉండవు, ఆ ఫోను కింద పెడితేగా! విజయనగరం ఆనందగజపతి మహారాజు లెక్క తీయిస్తే మూడేళ్లలో 1034 శుల్కం పెళ్లిళ్లు, అంటే ఆడపిల్ల తండ్రికి డబ్బు కట్టి చేసుకున్నవి, తేలాయి. ఏడాది పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. నటులందరి చేతా చదివించు. లుబ్ధావధాన్లు వేసేవాడు నవ్వించాలని చూడకూడదు. రూపాయి రూపాయికీ ప్రాణం గిలగిలలాడుతున్నట్టు పలకాలి. నవ్వు దానంతట అదే వస్తుంది.

వేళకు తినడం లేదట. అన్నం మానకు తల్లీ, గొంతు ఆగదు.

నాకు ముందు వరుస ఉంచవద్దు. చివర కూర్చుంటాను. బేరం ఎంతకు తెగిందో ఈ చెవులకు అక్కడికి వినబడాలి.

మీ తాతయ్య