డిక్షనరీలో కీ దొరకనప్పుడు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. పైథాన్ డిక్షనరీలో (కీ అనే పేరు చెబితే దానికి జతగా దాచిన విలువ ఇచ్చేది) అడిగిన కీ లేక కీఎర్రర్ (KeyError) వస్తోందని, కోడ్‌లో బ్రాకెట్లన్నీ తీసేసి ప్రతిచోటా గెట్ (get) పెట్టేశావట. ప్రోగ్రామ్ ఆగకుండా నడుస్తోందని నువ్వు సంబరపడుతున్నావు, నాకేమో అదే భయంగా ఉంది.

నువ్వు రాసిన కిరాణా బిల్లు ప్రోగ్రామే తీసుకో. ధరలు["కందిపప్పు"] అని అడిగితే, ఆ కీ ఉంటే ధర చేతిలో పెడుతుంది. లేకపోతే అక్కడికక్కడే కీఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ధరలు.గెట్("కందిపప్పు", 0) అంటే మాత్రం ఆగదు, సున్నా ఇచ్చి ఊరుకుంటుంది. అంటే నువ్వు ధర ఎక్కించడం మర్చిపోయిన ప్రతి సరుకూ నీ కొట్లో ఉచితమన్నమాట! ఆ సున్నా కూడా రాయకపోతే గెట్ నీకు నన్ (None, అంటే 'ఏమీ లేదు') ఇస్తుంది. దాన్ని కిలోలతో గుణించబోతే టైప్ఎర్రర్ (TypeError, రకాలు కుదరని తప్పు), అదీ ఎక్కడో కింది లైన్లో. తప్పు జరిగింది ఒకచోట, నువ్వు గంటసేపు వెతికేది ఇంకోచోట.

అలాగని గెట్‌ని తీసిపారేయకు. ఏ సరుకు ఎన్నిసార్లు అమ్ముడైందో లెక్కపెట్టేటప్పుడు లెక్క[సరుకు] = లెక్క.గెట్(సరుకు, 0) + 1 అని రాస్తే దివ్యంగా ఉంటుంది. ఇంతవరకు అమ్మని సరుకు లెక్క నిజంగానే సున్నా కదా. కందిపప్పు ధర సున్నా అనడం మాత్రం అబద్ధం.

కీఎర్రర్ వస్తే టెన్షన్ పడకుండా ఆ లైన్ చివర కొటేషన్ల మధ్య ఏముందో కళ్ళు పెట్టి చూడు. చాలాసార్లు 'కందిపప్పు ' అని చివర ఒక స్పేస్ ఉంటుంది, టైప్ చేసేటప్పుడు పడిపోయింది. అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేసే స్ట్రిప్ (strip) పెడితే సరిపోతుంది. అసలు కొటేషన్లు ఉన్నాయా లేదా అన్నదీ చూడు. 101 అనే నంబరు, "101" అనే స్ట్రింగు (కొటేషన్లలో రాసే అక్షరాల వరుస) పైథాన్‌కి వేర్వేరు కీలు. ఇన్‌పుట్ (input)తో తీసుకున్నది ఎప్పుడూ స్ట్రింగే. నంబర్లు కీలుగా ఉన్న డిక్షనరీని జేసన్ (JSON, డేటాని టెక్స్ట్‌గా దాచే పద్ధతి) ఫైల్లో దాచి తిరిగి చదివినా కీలన్నీ స్ట్రింగులైపోతాయి. ఇది చాలామందిని ఏడిపిస్తుంది.

డిక్షనరీలో ఏదైనా ఉందా అని ఇన్ (in)తో అడిగితే కీలలోనే వెతుకుతుంది. ధరల్లో 120 ఉందేమో చూడాలంటే వాల్యూస్ (values)లో అడగాలి. సరుకూ ధరా రెండూ కావాలంటే ఫర్ లూప్‌లో ఐటమ్స్ (items) వాడు. పైథాన్ 3.7 నుంచి నువ్వు ఎక్కించిన వరుసలోనే వస్తాయి.

ఈ రాత్రికి ధర అడిగే చోట్ల మళ్ళీ బ్రాకెట్లు పెట్టి రన్ చెయ్యి. ఏయే సరుకుల దగ్గర ఆగిందో నాకు పంపు.

ఉంటాను,
బాబాయి