రజ పండుగ రోజుల్లో మట్టి తవ్వకూడదా?

ప్రశ్న: మా అల్లుడికి రైల్వేలో భువనేశ్వర్‌కు బదిలీ అయింది. మొన్న జూన్‌లో మా అమ్మాయి పెరట్లో కరివేపాకు మొక్క నాటబోతుంటే, భూదేవి బహిష్టయిందనీ, మూడు రోజులు మట్టి తవ్వకూడదనీ పక్కింటావిడ వారించారట. మనవి కాని ఆచారాలు పాటించాలా? పాటించకపోతే ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని బెంగగా ఉంది.
– ఒక తల్లి, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: బెంగ పెట్టుకోకండమ్మా. మా వారి ఉద్యోగరీత్యా నేనూ కటక్‌లో కాపురం చేసినదాన్నే. పక్కింటావిడ చెప్పింది ఒడిశా వారి రజ పండుగ గురించి. మిథున సంక్రాంతికి ముందురోజు మొదలై మూడు రోజులు, సాధారణంగా జూన్ 14 నుంచి 16 వరకు జరుపుకుంటారు. తొలకరి ముందు భూమి రజస్వల అవుతుందని, ఆ తర్వాతే విత్తనానికి సిద్ధమవుతుందని వారి నమ్మకం. అందుకే నాగలి కట్టరు, గునపం పట్టరు. నేల నొచ్చుకుంటుందని ఉత్తకాళ్లతో నడవడానికి జంకే ముసలమ్మలను చూశాను.

భూమితోపాటు ఇంట్లో ఆడవాళ్లకూ విశ్రాంతే. మసాలాలు ముందురోజే నూరి పెట్టుకుంటారు. పండుగ రోజుల్లో రుబ్బడం, కూరలు తరగడం ఉండవు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, కాళ్లకు పారాణి పెట్టుకుని, తాంబూలం నములుతూ చెట్టుకొమ్మకు వేసిన ఉయ్యాల ఊగుతారు. తినడానికి పొడ పిఠా ఉంటుంది. బియ్యం, మినుముల పిండిలో బెల్లం, కొబ్బరి కలిపి, అరటాకులో చుట్టి సన్నని నిప్పుల మీద రాత్రంతా కాలుస్తారు. పైన నల్లగా మాడినట్టుంటుంది, లోపల మెత్తగా, కమ్మగా ఉంటుంది. నాలుగో రోజున భూదేవికి స్నానం. ఇంట్లో మసాలా నూరే రాతినే భూదేవిగా భావించి, పసుపు రాసి నీళ్లు పోసి, సిందూరం, పూలు పెట్టి, ఆ కాలపు పళ్లు నివేదిస్తారు. మళ్లీ నూరడం ఆ తర్వాతే.

బహిష్టయితే మూల కూర్చోబెట్టే ఇంట్లో పెరిగిన నాకు, అదే సంగతిని ఊరంతా పండుగ చేసుకోవడం చూసి కళ్లు చెమర్చాయి. ఒడియా ఇళ్లలో మైల పట్టింపులు లేవని కాదు, ఉన్నాయి. అయినా ఆడవాళ్ల చేతికి పని తగలనివ్వని ఈ ఆచారాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నా మనసొప్పదు. మన దగ్గర కూడా ఉంటే ఎంత బాగుండేది!

మీ అమ్మాయి వ్రతంలా పాటించనక్కరలేదు. ఆ రోజుల్లో మట్టి జోలికి పోకుండా, ఉయ్యాలకు పిలిస్తే వెళ్తే చాలు. మార్గశిరం వస్తే అసలు పరాయితనమే ఉండదు. మనం ఆ నెల గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మమ్మ దగ్గర బారులు తీరినట్టే, అక్కడివారు తమ మార్గశిర గురువారాల్లో (వారి నెల మనకంటే ఓ పక్షం ముందే మొదలవుతుంది) ఇల్లలికి, బియ్యపు పిండితో లక్ష్మి పాదాలు వేసి, మానికలో కొత్త ధాన్యం నింపి పూజిస్తారు. పక్కింటావిడను పేరంటానికి పిలవమనండి.

జాగ్రత్తగా ఉండాల్సింది మాత్రం కార్తికంలో. చేపలంటే ప్రాణమిచ్చే ఒడియా వారు చాలామంది ఆ నెలంతా ముట్టరు. వారి లెక్కలో కార్తికం పున్నమితోనే ముగుస్తుంది. నెలంతా ఆగలేనివారు కూడా పంచుక అనే చివరి ఐదు రోజులూ నిష్ఠగా ఉంటారు. ఆ రోజుల్లో చేపల పులుసు వాసన వాటా గోడ దాటకుండా ఉంటే మర్యాద. పున్నమి మరునాడు ఛాడఖాయి, అంటే నియమం విడిచి మళ్లీ చేపలు తినే రోజు. చేపల బజారు కిక్కిరిసిపోతుంది, ధరలూ మండిపోతాయి. అల్లుడుగారిని తెల్లవారకముందే సంచి పట్టుకుని బయలుదేరమనండి.