ఒప్పుకున్నాడు సరే, కాదనగలిగేవాడా?

తమ్ముడికి వందనాలు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కదా, అలాగే చెప్తాను. విదేశీ జైళ్లలో జరిగే సువార్త పరిచర్య మీద రాయాలనుకోవడం మంచి ఆలోచన. ఈ విషయం మీద మనకు దొరికేదంతా ఎక్కువగా సాక్ష్యాలు, లేకపోతే కానుకలు అడగడానికి ముందు రాసే నివేదికలు. నీది వేరేగా ఉంటుందనుకుని మొదలుపెట్టాను, కానీ మూడో పేరాకే పాత దారి పట్టింది. హంతకుడు, ఇనుప ఊచలు, మిషనరీ చేతిలో బైబిలు, కన్నీళ్లు, మోకాళ్లు. అతను మారడేమో అన్న అనుమానం నాకు ఒక్క క్షణం కూడా రాలేదు, రానిస్తే కదా నువ్వు!

నేను విశ్వాసినే, ఆ మార్పు అబద్ధమని అనడం లేదు. నీ వ్యాసంలో అది నిజమని నాకు అనిపించలేదు, అంతే.

ఎందుకనిపించలేదంటే, జైల్లో ఉన్నవాడి "సరే" బయట ఉన్నవాడి "సరే" లాంటిది కాదు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తినాలి, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలి అన్నీ ఇంకొకరు నిర్ణయించే చోట ఉన్నాడతను. అక్కడికి వారానికోసారి ఎవరో వచ్చి, పేరు పెట్టి పిలిచి, చెయ్యి కలిపి, గంటసేపు కూర్చుంటారు. ఆ పలకరింపు కోసమే వచ్చినవాడుంటాడు. సర్టిఫికెట్ ఇస్తే పెరోల్ బోర్డు ముందు పనికొస్తుందని వచ్చినవాడుంటాడు, సెల్‌లోంచి కాసేపు బయటపడితే చాలనుకున్నవాడుంటాడు, నిజంగా దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చినవాడూ ఉంటాడు, ఒక్కోసారి ఈ నలుగురూ ఒకే మనిషి. ఆ మనిషికి వద్దనే వీలుందా? వద్దంటే ఏం పోగొట్టుకుంటాడు? నీ వ్యాసమంతా వెతికినా ఈ ప్రశ్న దొరకలేదు. అడిగితే కథ పలచబడుతుందని భయపడ్డావేమో, నాకైతే కథ అక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 65వది చూడు. మత ప్రతినిధిని కలిసే అవకాశాన్ని ఏ ఖైదీకీ నిరాకరించకూడదని అందులో ఉంది. దాని వెంటనే ఇంకో మాట ఉంది: మత ప్రతినిధి రాకను ఖైదీ వద్దంటే అతని అభిప్రాయాన్ని పూర్తిగా గౌరవించాలి. పరిచర్య నివేదికల్లో మొదటి సగమే కనిపిస్తుంది. నువ్వు రెండో సగం కూడా పట్టుకో.

నువ్వు ఎలిజబెత్ ఫ్రై గురించి ఒక వాక్యం రాసి వదిలేశావు, "జైళ్ల దేవదూత" అని. దేవదూత అన్నాక ఇంక ఆవిడ గురించి చెప్పడానికి ఏం మిగులుతుంది? ఆవిడ క్వేకర్ అనే క్రైస్తవ శాఖ మనిషి, 1813లో లండన్‌లోని న్యూగేట్ జైలుకి మొదటిసారి వెళ్లింది, తల్లులతో పాటు పసిపిల్లలు కూడా లోపలే ఉన్నారు. 1817లో అక్కడ బడి పెట్టేటప్పుడు, పని పెట్టేటప్పుడు నియమాలు రాసుకొచ్చి, ఒక్కొక్కటీ చదివి వినిపించి, ఆ ఖైదీ స్త్రీల చేత చేతులెత్తించి ఒప్పుకోలు అడిగింది. దొంగతనం కేసుల్లో, నకిలీ నోట్ల కేసుల్లో పడి ఉన్న ఆడవాళ్లని ఓటు అడగడం! ఆస్ట్రేలియాకి ఓడల్లో పంపించేసే స్త్రీలకు ఆవిడ సంఘం వాళ్లు బైబిలుతో పాటు గుడ్డ ముక్కలు, సూదులు, దారం కూడా ఇచ్చేవారు. 1841లో రాజా అనే ఓడలో వెళ్లినవాళ్లు దారిలో కుట్టిన బొంత ఇప్పటికీ కాన్‌బెరాలో జాతీయ గ్యాలరీ దగ్గర ఉంది. చేతులెత్తించిన సంగతి, సూదీ దారం సంగతి రాస్తే చాలు, ఆవిడ ఎలాంటి మనిషో చదివేవాళ్లకే తెలుస్తుంది.

అదే కాలంలో, అదే భక్తితో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఇంకో పని జరిగింది. 1829లో ఈస్టర్న్ స్టేట్ జైలు తెరిచారు. ఒంటరిగా, మౌనంగా, బైబిలుతో ఉంటే మనిషి పశ్చాత్తాపపడతాడని నమ్మినవాళ్లు ఆలోచించి కట్టించిన జైలు అది. సెల్ పైకప్పులో వెలుతురు రావడానికి ఒక చిన్న కంత. బయటికి తీసుకెళ్లాల్సి వస్తే ఎవరి ముఖం ఎవరికీ కనబడకుండా తలకు ముసుగు. ఆ ఒంటరితనం మనుషుల మతి పోగొడుతోందని విమర్శలు వచ్చినా, ఆ పద్ధతి అధికారికంగా 1913 దాకా సాగింది. ఇది కట్టినవాళ్లు దుర్మార్గులు కారు, అదే నన్ను కలవరపెడుతుంది. ఖైదీకి ఏది మంచిదో తమకు తెలుసు అనుకున్నారు, అతన్ని అడగలేదు.

ఇప్పటి కాలానికి రా. చార్లెస్ కోల్సన్ గురించి బాగానే రాశావు, అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ని దింపేసిన వాటర్‌గేట్ వ్యవహారంలో 1974లో నేరం ఒప్పుకుని ఏడు నెలలు జైల్లో ఉండి, బయటికొచ్చాక 1976లో ప్రిజన్ ఫెలోషిప్ అనే జైలు పరిచర్య సంస్థ మొదలుపెట్టడం వరకు. కానీ అయోవా కేసు ఎందుకు వదిలేశావు? ఆ సంస్థ వాళ్ల కార్యక్రమం ఒకటి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో న్యూటన్ జైల్లో ప్రభుత్వ డబ్బు కూడా తీసుకుని నడిచింది. అందులో చేరినవాళ్లు ఉండే విభాగంలో గదికి చెక్క తలుపు, తాళంచెవి ఖైదీ దగ్గరే, మరుగుదొడ్డి దగ్గర కాస్త చాటు. 2006లో ఫెడరల్ జడ్జి ఇది రాజ్యాంగ విరుద్ధమన్నాడు, 2007లో అప్పీలు కోర్టు కూడా ముఖ్యమైన విషయంలో అదే మాట నిలబెట్టింది. పరిచర్యకు చెడ్డపేరని దాచకు తమ్ముడూ. సొంత తాళంచెవి దొరికే చోట మారుమనస్సు ఎంత, తాళంచెవి ఎంత అని అడగడంలో తప్పేముంది, లోపల కూర్చుని ప్రార్థన చేసినవాడు కూడా తనని తాను అడుగుకునే ఉంటాడు.

అంగోలా జైలు మీద నీకు నాలుగు వాక్యాలే ఉన్నాయి. నా మాట విని మిగతావి తగ్గించి దీన్ని పెంచు. ఆఫ్రికా దేశం కాదు, అమెరికాలోని లూసియానా రాష్ట్ర జైలు అది, 18,000 ఎకరాలు, ఒకప్పుడు బానిసలతో పని చేయించిన తోట, ఇప్పటికీ ఖైదీలు పొలాల్లో పని చేస్తారు. లూసియానాలో యావజ్జీవం అంటే పెరోల్ లేని యావజ్జీవం, అంటే అక్కడున్న చాలామంది అక్కడే చనిపోతారు. 1994లో అమెరికా ప్రభుత్వం ఖైదీలకు కాలేజీ చదువు కోసం ఇచ్చే పెల్ గ్రాంట్లు ఆపేసింది. మరుసటి ఏడే పాస్టర్లను తయారుచేసే న్యూ ఓర్లీన్స్ బాప్టిస్ట్ సెమినరీ ఆ జైలు లోపల బైబిల్ కాలేజీ పెట్టింది. అంటే డిగ్రీ చదవాలని ఉన్నవాడికి మిగిలిన దారి దైవశాస్త్రం! ఇక్కడ "సరే" అన్నవాడి మనసు నువ్వెలా కొలుస్తావు? కొలవలేవు, కొలవక్కర్లేదు కూడా. ఆ తర్వాత ఏం చేశారో చూడు. చదువు పూర్తిచేసినవాళ్లు జైల్లోనే పాస్టర్లయ్యారు, కొందరిని ఆ రాష్ట్రంలోని వేరే జైళ్లకు మిషనరీల్లాగా పంపారు. 1998 నుంచి అక్కడ హాస్పిస్ ఉంది, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు, చనిపోతున్న ఖైదీ పక్కన తోటి ఖైదీ కూర్చుంటాడు, ఒళ్లు తుడుస్తాడు, పక్క మారుస్తాడు. అక్కడి వడ్రంగులే శవపేటికలు చేస్తారు. పేరుపొందిన సువార్తికుడు బిల్లీ గ్రాహమ్‌నీ ఆయన భార్యనీ సమాధి చేసింది కూడా వాళ్లు చేసిన మామూలు ప్లైవుడ్ పెట్టెల్లోనే. విడుదల అనే ఆశ లేని చోట, పెరోల్ బోర్డు మెచ్చుకోలు అక్కర్లేని చోట, ఒకడు ఇంకొకడి మలం ఎత్తాడంటే నాకు ఏ సాక్ష్యం అక్కర్లేదు. నువ్వు బాప్తిస్మం తొట్టె గురించి ఒక పేజీ రాశావు. హాస్పిస్ గది గురించి రాయి.

రువాండా గురించి రాయాలని ఉందన్నావు. తప్పకుండా రాయి, కానీ తొందరపడకు. 1994 మారణహోమం తర్వాత లక్షకు పైగా మనుషుల్ని జైళ్లలో కుక్కారు. 1996 చట్టం నేరం ఒప్పుకున్నవాళ్లకు శిక్ష తగ్గిస్తానంది, తర్వాత వచ్చిన గచాచా గ్రామ కోర్టుల్లోనూ అదే పద్ధతి. జైళ్లలోకి వెళ్లిన క్రైస్తవ సేవకులు కూడా అదే చెప్పారు, పాపం ఒప్పుకోండి, క్షమాపణ అడగండి అని. చట్టమూ సువార్తా ఒకే మాట ఒకే సమయంలో అడిగితే, గులాబీ రంగు జైలు బట్టల్లో ఉన్న ఆ మనిషి ఎవరికి జవాబిచ్చినట్టు? ఇక బయట ఉన్న ఆవిడ సంగతి. భర్తనీ పిల్లల్నీ పోగొట్టుకున్నావిడ దగ్గరికి అతను వచ్చి క్షమించమంటాడు, ఊరు చూస్తుంటుంది, పాస్టర్ చూస్తుంటాడు, ప్రభుత్వం సయోధ్య కావాలంటుంది. ఆవిడకి మాత్రం వద్దనే వీలుందా? ప్రిజన్ ఫెలోషిప్ రువాండా వాళ్లు కట్టించిన సయోధ్య గ్రామాల్లో చంపినవాళ్లూ, బతికి బయటపడ్డవాళ్లూ ఇరుగుపొరుగున ఉంటున్నారు, బుగెసెర ప్రాంతంలోని ఎంబ్యో అలాంటిదే. అది గొప్ప విషయమే. అక్కడికి రానన్నవాళ్లు కూడా ఉంటారు కదా, వాళ్లని తక్కువ విశ్వాసం ఉన్నవాళ్లుగా చూపించకు. నీ వ్యాసంలో హతుడి కుటుంబం ఎక్కడా లేదని ఇప్పుడే గుర్తొచ్చింది, హంతకుడి పేరు పదిసార్లు వచ్చింది కానీ చనిపోయినవాడికి పేరే లేదు.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ భాగం కుదించు, కానీ ఒక్క సంగతి చేర్చు. అక్కడ గ్యాంగ్ నుంచి ప్రాణాలతో బయటపడటానికి చాలాకాలం పాటు చర్చి దాదాపు ఒక్కటే దారి. నిజంగా విశ్వాసి అయ్యాడా, నటిస్తున్నాడా అని గ్యాంగ్ వాళ్లే కాపు కాసేవారు, నటన అని తేలితే ప్రాణానికే ముప్పు. 2022 మార్చిలో అత్యవసర పరిస్థితి వచ్చాక గ్యాంగ్ వదిలి పాస్టర్లయినవాళ్లు కూడా కొందరు అరెస్టయ్యారు. 2023లో తెరిచిన సెకాట్ అనే పెద్ద జైల్లోకి కుటుంబాలను కూడా రానివ్వరు. పరిచర్య గురించి రాసేవాడు తలుపు మూసేసిన జైళ్ల గురించి కూడా రాయాలి.

ఆండ్రూ చాన్‌తో ముగించావు. ఆస్ట్రేలియావాడు, ఇండోనేషియాలోని బాలిలో హెరాయిన్ కేసులో 2005లో పట్టుబడి, జైల్లో విశ్వాసంలోకి వచ్చి, పాస్టర్ అయి, 2015 ఏప్రిల్ 29న నుసకంబాంగన్ దీవిలో తుపాకీ గుళ్లకు చనిపోయినవాడు. ఆ రాత్రి పాటలు పాడారని వార్తలొచ్చాయి, నువ్వు ఆ పాట మీదే వ్యాసం ఆపేశావు. చదివేవాడికి గుండె బరువెక్కుతుంది, ఒప్పుకుంటాను. కానీ అంతకుముందు పదేళ్లు ఉన్నాయి, కెరొబొకాన్ జైల్లో తోటి ఖైదీలకు ఆరాధన నడిపిన మామూలు రోజులు. మారినా క్షమాభిక్ష దొరకలేదు, దొరకదేమోనని తెలిసీ ఆ పని చేస్తూనే ఉన్నాడు. ఆ రోజుల గురించి నీ దగ్గర ఒక్క వాక్యం లేదు.

ఇక పని సంగతులు. అమెరికా జైల్లో వాలంటీర్‌గా వెళ్లేవాళ్లను ఎవరినైనా కూర్చోబెట్టి, ఆరాధన ఎలా జరిగింది అని కాకుండా, జరగని రోజు ఎందుకు జరగలేదు అని అడుగు. కౌంట్ అంటారు, లోపల ఉన్నవాళ్ల తలలు లెక్కపెట్టడం, ఆ లెక్క సరిపోకపోతే ఎవరూ కదలడానికి లేదు, గిటారు పట్టుకుని వచ్చినవాళ్లు గేటు దగ్గరే కూర్చుని తిరిగి వెళ్లిపోతారు. లాక్‌డౌన్ అయితే అసలు లోపలికే పోలేరు. కొన్ని రాష్ట్రాల్లో బయటి నుంచి వచ్చే ఉత్తరాలు స్కాన్ చేసి నకలు మాత్రమే ఇస్తారు, ఉత్తరాల ద్వారా బైబిల్ పాఠాలు నేర్పేవాళ్లకు అదో టెన్షన్. ఇలాంటివి నాలుగు వస్తే మిషనరీ కూడా మనిషిలా కనిపిస్తాడు. ఇప్పుడు నీ వ్యాసంలో ఆయన అలిసిపోడు, విసుక్కోడు, ఎవరినీ అపార్థం చేసుకోడు. మధ్యలో దుబాసీ ఉంటే ఆ సంగతి కూడా చెప్పు, ఖైదీ మాట నీ దాకా ఎన్ని నోళ్లు దాటి వచ్చిందో చదివేవాళ్లకు తెలియాలి.

"ఇన్ని ఆత్మలు రక్షించబడ్డాయి" అన్న లెక్క తీసెయ్, అది నివేదికకు పనికొస్తుంది. "చీకటిలోంచి వెలుగులోకి" కూడా తీసెయ్. జైలు లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి, నిద్రపట్టదని లోపలివాళ్లు మొత్తుకుంటారు.

రెండో ప్రతి రాసేముందు ఒక్కరిని వెతుకు, ఆరాధనకు రానన్న ఖైదీని. పరిచర్య చేసేవాళ్ల ద్వారానే కబురు పంపు, వాళ్లలో మంచివాళ్లకు అలాంటివాళ్లు తెలిసే ఉంటారు, వాళ్ల సెల్ ముందు కూడా ఆగి పలకరించే ఉంటారు. ఎందుకు రాలేదో అతను చెప్తే రాసుకో, చెప్పనంటే బలవంతపెట్టకు, చెప్పలేదని రాయి. ఎవరి మాట వాడుకున్నా, ఇది ఎక్కడ వస్తుందో, ఎవరెవరు చదువుతారో ముందే చెప్పి అడుగు.

అన్నట్టు, నాలుగో పేజీలో పెట్టిన ఆ ఖైదీ ఫోటో వెంటనే తీసెయ్. ముఖమూ, చొక్కా మీది నంబరూ రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

అక్క