స్నానం చేస్తుంటే ఐడియాలు ఎందుకొస్తాయి?

రోజంతా తల బద్దలు కొట్టుకున్నా తట్టనిది స్నానాల గదిలో ఠక్కున తడుతుంది, అప్పుడు బుర్రలో ఏం జరుగుతుందని అడిగారు. ముందు "కుడి మెదడు కళలకి, ఎడమ మెదడు లెక్కలకి" అనే వాట్సాప్ సైన్సుని పక్కన పెట్టేయండి.

మార్క్ బీమన్, జాన్ కూనియోస్ అనే అమెరికా శాస్త్రవేత్తల బృందం 2004లో ఓ ప్రయోగం ప్రచురించింది. మూడు మాటలిచ్చి, మూడింటితోనూ అతికే నాలుగోది చెప్పమన్నారు, తట్టగానే ఓ మీట నొక్కమన్నారు. మన తెలుగులో అయితే కొబ్బరి, మంచి, కన్ను అనుకోండి, జవాబు నీళ్ళు. జవాబు ఠక్కున తట్టినప్పుడు, మీట నొక్కడానికి సుమారు 0.3 సెకన్ల ముందు కుడి చెవికి పైభాగాన గామా తరంగాలు (మెదడు విద్యుత్ తరంగాల్లో బాగా వేగమైనవి) ఒక్కసారిగా ఎగిశాయి. దూరదూరపు అర్థాల్ని కలపడంలో ఆ చోటుకి పాత్ర ఉందంటారు. అంతకు కాస్త ముందే, తల వెనక చూపు పని చూసే చోట ఆల్ఫా తరంగాలు (గామా కంటే నెమ్మదైనవి) పెరిగాయి. అంటే కళ్ళలోంచి వచ్చే రద్దీని మెదడు కాసేపు తగ్గించుకుందన్నమాట.

నేను నరసాపురంలో లేసు డిజైన్లు గీస్తాను. ఈమధ్య ఓ టేబుల్ క్లాతు అంచు నన్ను ఏడిపించింది. పక్కలు బాగానే వస్తున్నాయి, మూల తిరిగే దగ్గర పువ్వు సగానికి తెగిపోతోంది. కుట్లు పెంచితే ముడతలు, తగ్గిస్తే దొన్నెలా పైకి లేస్తోంది. సఖినేటిపల్లి నుంచి పంటు (ఏరు దాటించే బల్లకట్టు) మీద వస్తుంటే, గోదారి మధ్యలో తట్టింది: పక్కల నుంచి మూలకి ఎందుకెళ్ళాలి? నాలుగు మూలల పువ్వులూ ముందు పెట్టేసి, పక్కల్లో ఆకులు సర్దుకుంటే పోదా! ఎవరూ పెట్టని షరతు నేనే పెట్టుకుని వేలాడుతున్నాను, అది ఊడిపోయింది, అంతే.

అలాగని ఊరికే పంటెక్కితే రాదు లెండి. 2012లో బెంజమిన్ బైర్డ్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం చూసిందిదే: విరామంలో తేలికపాటి పని చేసినవాళ్ళకి ఎక్కువ ఆలోచనలొచ్చాయి, అదీ ముందొకసారి కుస్తీ పట్టిన ప్రశ్నలకే. తర్వాత మళ్ళీ చేసి చూసినవాళ్ళందరికీ ఆ ఫలితం రాలేదు, అదీ చెప్పాలి. నా మటుకు నాకు పంటు మీద ఫోను తీస్తే మాత్రం ఏమీ తట్టదు.

ఇంకోటి, తట్టినప్పటి ఆ ఊపుని నమ్మి ఆర్డరు మొదలెట్టేయకండి. నేనైతే ముందు ఒక్క మూల అల్లించి, తడిపి ఆరేసి, బల్ల మీద పరిచి చూస్తాను. చదునుగా పడుకుంటేనే మిగతా అల్లేవాళ్ళకి దారం ఇస్తాను.