పథకాల డబ్బుల వల్లే ధరలు పెరుగుతున్నాయా?

పథకాల కింద ప్రభుత్వం డబ్బులు పంచడం వల్లే ధరలు పెరుగుతున్నాయా, రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచితే తగ్గుతాయా అని అడిగారు. నేను ఎకనామిక్స్ చదవలేదు. మిర్యాలగూడ దగ్గర కిరాణం షాపు ఉంది, నెత్తిన ఇంటి లోను ఉంది, వాటిలో చూసింది చెప్తా.

2018 మేలో రైతుబంధు మొదటిసారి ఎకరానికి 4,000 చొప్పున ఇచ్చినప్పుడు గిరాకీ బాగుంటుందని సరుకు ఎక్కువ దింపాను. జనం వచ్చారు, కొనడానికి కాదు, పాత ఉద్దెర కట్టడానికి. పుస్తకంలో పేర్లు కొట్టేస్తూ కూర్చున్నా, కందిపప్పు బస్తాలు అలాగే ఉన్నాయి. పప్పు దేశమంతా తిరిగే సరుకు, మా మండలంలో నాలుగు డబ్బులు ఆడితే దాని రేటు కదలదు.

కదిలింది కౌలు. భూమి లారీలో దిగదు కదా, పైగా పడావు పెట్టినా పట్టాదారుకు డబ్బు పడేది, దాంతో తక్కువకు ఇవ్వడం మానేశారు. కౌలుదారుకు మాత్రం ఆ పైసలు రాలేదు. నాట్ల కైకిలి కూడా పెరిగింది కానీ అప్పుడే వరి ఎకరాలూ పెరిగాయి, అందుకని అదంతా పథకం మీద వేయలేను. ఇంకోటి, రాష్ట్రం నోట్లు అచ్చేసి పంచుతుందనేది తప్పు, పన్నుల నుంచో అప్పు తెచ్చో ఇస్తుంది.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పొద్దుతిరుగుడు నూనె లీటరు 200కు దగ్గరైంది. ఇంకా పెరుగుతుందన్న టెన్షన్‌లో పెట్టెలు పెట్టెలు దింపుకున్నా, కొన్నాళ్లకు రేటు పడిపోయి చేతులు కాల్చుకున్నా. ఇందులో ఏ పథకం ఉంది? ఆ మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. అయినా 2023 జూలైలో టమాటా ధర మండిపోయి రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో జనం కొనే సరుకుల ధరలు పెరిగిన శాతం, 7.44 అయింది, కొత్త పంట మార్కెట్‌కు వచ్చాకే దిగింది.

అలాగని వడ్డీ ఉత్తదేం కాదు. అప్పు మీద నడిచే కొనుగోళ్లను అది నిజంగా ఆపుతుంది. నా కిస్తీ మొత్తం మారలేదు కానీ బ్యాంకు వాళ్లు గడువును చాలా ఏళ్లు పొడిగించారు, అది చూసి పై అంతస్తు ఆపేశా. సిమెంటు, మేస్త్రీ, సెంట్రింగ్ వాళ్లకు ఒక గిరాకీ తగ్గినట్టే, నాలాంటి వాళ్లు లక్షల మంది ఆగితే ధరలు మెత్తబడతాయి. పిల్లర్ల మీద వదిలేసిన చువ్వలు ఇప్పటికీ తుప్పు పడుతూనే ఉన్నాయి.